ఇరవయ్యో తేదీకే మొరాయించే వైఫై

నంద్యాల వైపు నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె ఇంట్లోనే, మేడ మీది గదిలో కూర్చుని ఊళ్లోని కిరాణా, ఎరువుల, బట్టల కొట్లకు లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేస్తారు. కంప్యూటర్ పాతది. మరిది చదువుకునే రోజుల్లో వాడి వదిలేసిన డెస్క్‌టాప్. దానికి సొంతంగా వైఫై లేదు. వేలెడంత యూఎస్‌బీ వైఫై అడాప్టరే ఆధారం. రౌటరు కింద హాల్లో, అత్తగారి టీవీ వెనుక ఉంటుంది. దానికీ ఈమె బల్లకూ మధ్య స్లాబు ఉంది, ఒక ఇనుప బీరువా ఉంది.

నెలలో చాలా రోజులు ఏ ఇబ్బందీ ఉండదట. పది, పదకొండు తేదీల్లోనూ, మళ్లీ పద్దెనిమిది నుంచి ఇరవై దాకానూ నెట్ మాటిమాటికీ తెగిపోతుంది. కిందటి నెల ఒక కొట్టు రిటర్ను ఒక రోజు ఆలస్యమైంది. అపరాధ రుసుము యాభై రూపాయలు ఈమే కట్టారు. డబ్బు గురించి బాధ లేదు గానీ, "ఇంట్లో కూర్చుని చేసేవాళ్లకు పని ఇస్తే ఇంతే" అని ఆ కొట్టు యజమాని అన్న మాట మాత్రం మనసులోంచి పోవడం లేదంటున్నారు.

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. నెట్ కంపెనీని మార్చాలని భర్త అంటారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మరిది, "ఆ డబ్బా పారేయండి వదినా, ల్యాప్‌టాప్ కొందాం" అంటాడు. మరమ్మతు కుర్రవాడు వచ్చి ఒకసారి ఫార్మాట్ చేశాడు. గుణం కనిపించకపోయేసరికి ఇప్పుడు మదర్‌బోర్డు మార్చాలంటున్నాడు. రౌటరు కదిపితే తన సీరియల్ ఆగిపోతుందని అత్తగారి భయం. "అందరికీ తెలుసు, నాకే తెలియదు. అందుకే నా మాట ఎవరూ వినరు" అని రాశారామె. ఎవరు చెప్పినట్టు చేయాలి, అత్తగారిని రౌటరు జరపమని అడగవచ్చా, మరిది నొచ్చుకోకుండా ఏం చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

ఈ ప్రశ్నలకు ముందు ఆమె దారిలో చెప్పి వదిలేసిన సంగతులు కొన్ని ఉన్నాయి. పాత పెన్‌డ్రైవ్ చెడిపోతే కొత్త హార్డ్ డిస్కు కొన్నారు. కొట్లవారి ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా అంతా అందులోనే ఉంటుంది కాబట్టి రిటర్నుల రోజుల్లో దాన్ని గుచ్చే ఉంచుతారు. అడాప్టరు ముందు వైపు ఉంటే పిల్లవాడి కాలు తగులుతోందని మరమ్మతు కుర్రవాడు దాన్ని వెనక్కి మార్చాడు. ఆ రోజుల్లోనే వైర్‌లెస్ మౌస్ కూడా ఆగి ఆగి కదులుతుంటే కొత్త సెల్లు వేసి చూశారు. ఒక రాత్రి భర్త తన ఫోనును బల్ల మీదే పెట్టి హాట్‌స్పాట్ ఇచ్చినా నెట్ నత్తనడకే నడిచింది. అదే గదిలో ఆమె ఫోనులో మాత్రం వైఫై చక్కగా వస్తుంది.

మీ ఇంట్లో ఇందరు తీర్పులు చెప్పారు గానీ, నెట్ పోయేటప్పుడు మీరు ఏం చేస్తున్నారని ఒక్కరూ అడిగినట్టు లేదు. మీరు మాత్రం అడగకుండానే చెప్పారు. నాకు కావలసిన ఆనవాళ్లన్నీ మీ ఉత్తరంలోనే దొరికాయి.

తేదీ చూసుకుని చెడిపోయే అడాప్టరు ఉండదు. తేదీని బట్టి మారేది మీ పని. పదకొండున అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1, ఇరవైన పన్ను లెక్క చూపే జీఎస్‌టీఆర్-3బి రిటర్నుల గడువులు. ఆ రోజుల్లో కొత్తగా వచ్చి చేరేవి రెండు. గడువు రోజున జీఎస్టీ పోర్టల్ మీద పడే రద్దీ ఒకటి, మీ హార్డ్ డిస్కు రెండోది. రద్దీ వల్ల అయితే పోర్టల్ ఒక్కటే నెమ్మదిస్తుంది, మౌస్ తడబడదు. మౌస్‌కు ఇంటర్నెట్‌తో పని లేదు. వైఫై, మౌస్ ఒకే రోజుల్లో మొరాయిస్తున్నాయంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో దెబ్బ తింటోందని అర్థం. ఆ ఉమ్మడి వస్తువు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగం. సాధారణంగా వైర్‌లెస్ మౌస్‌లు పనిచేసేది దాని మీదే, చవక అడాప్టర్లు పనిచేసేదీ దాని మీదే.

మీ హార్డ్ డిస్కు యూఎస్‌బీ 3.0 రకం అయి ఉంటుంది. ఈ మధ్య కొన్నవన్నీ దాదాపు అవే. కంప్యూటర్ వెనుక లోపల నీలం రంగు పట్టీ ఉన్న యూఎస్‌బీ సందులు చాలా వరకు ఆ రకానివే. వాటిలో డేటా సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పరుగెత్తుతుంది. ఆ వేగంలో తీగ నుంచి, సందు నుంచి, డిస్కు నుంచి కొంత రేడియో రొద బయటికి చిమ్ముతుంది. అది విశాలమైన పరిధిలో పరుచుకుంటుంది, 2.4 గిగాహెర్ట్జ్ కూడా అందులోనే పడుతుంది. ఇదేమీ రహస్యం కాదు. ఇంటెల్ సంస్థే 2012లో దీని మీద ఒక సాంకేతిక పత్రం వెలువరించింది. వైర్‌లెస్ మౌస్ తడబాటు గురించి కూడా అందులో ఉంది. మీ అడాప్టరును వెనక్కి మార్చినప్పుడు అది సరిగ్గా ఆ హార్డ్ డిస్కు పక్క సందులోకి వెళ్లి ఉంటుందని నా అనుమానం. పెళ్లిలో బాజా పక్కన కూర్చున్నవారికి చెవిలో చెప్పిన మాట కూడా వినపడదు. కింద హాల్లోంచి, స్లాబు దాటి, బీరువా తప్పించుకుని వచ్చే బలహీనమైన సిగ్నలుకు అక్కడ అదే గతి పడుతోంది.

హాట్‌స్పాట్ సంగతి కూడా దీనితో కలుస్తుంది. నెట్ కంపెనీ లైనులో లోపం ఉంటే ఆ రాత్రి మీ భర్త ఫోను డేటాతో పని సాఫీగా జరగాలి. జరగలేదు. కారణం, ఫోను నుంచి కంప్యూటర్‌కు వచ్చిన ఆఖరి మూరెడు దూరం కూడా ఆ రొద మధ్య నుంచి, ఆ అడాప్టరు ద్వారానే వచ్చింది. మీ ఫోనులో వైఫై బాగుండడానికి కారణం అది ఆ నీలం సందుకు దూరంగా ఉండడం. అది వైఫైకి ఉన్న రెండో బ్యాండు, అంటే 5 గిగాహెర్ట్జ్ తరంగం మీద నడుస్తూ కూడా ఉండవచ్చు.

అయినా ఉత్తరం చదివి చెప్పే రోగ నిర్ధారణను పరీక్షించకుండా నమ్మవద్దు. రూపాయి ఖర్చు లేని పరీక్ష ఉంది. గడువు లేని రోజు, తీరికగా చేయండి.

స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేస్తే కనిపించే జాబితాలోంచి కమాండ్ ప్రాంప్ట్ గానీ పవర్‌షెల్ గానీ తెరవండి. ఇంగ్లీషు అక్షరాలతో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి ఎంటర్ నొక్కండి. డిఫాల్ట్ గేట్‌వే అన్న చోట కనిపించే అంకెలే మీ రౌటరు చిరునామా, 192.168.1.1 లాంటిది. ఇప్పుడు పింగ్ (ping) అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ చిరునామా రాసి, మళ్లీ ఖాళీ వదిలి, ఒక అడ్డగీత, దాన్ని ఆనుకుని టి అక్షరం (-t) కొట్టి ఎంటర్ నొక్కండి. వరుసలు ఆగకుండా వస్తుంటాయి. ప్రతి వరుసలో టైమ్ అన్న చోట మిల్లీసెకన్లు ఉంటాయి. బాగున్న వైఫైలో అవి ఎక్కువగా ఒంటి అంకెల్లో, మహా అయితే పదుల్లో ఉంటాయి. అలాంటిదే ఇంకో కిటికీ (విండో) తెరిచి, రౌటరు చిరునామా బదులు 8.8.8.8 పెట్టండి. అది బయటి ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్.

రెండూ నడుస్తుండగా హార్డ్ డిస్కు గుచ్చి, పెద్ద ఫైలు ఒకటి కాపీ చేయండి. రౌటరు కిటికీలో అంకెలు వందల్లోకి ఎగబాకినా, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని వచ్చినా, డిస్కు తీసేయగానే మళ్లీ కుదుటపడితే దొంగ దొరికినట్టే. డిస్కు ఉన్నా లేకున్నా రౌటరు కిటికీ నిలకడగా ఉండి 8.8.8.8 కిటికీ ఒక్కటే తెగుతుంటే మీ భర్త మాట నిజం, లోపం లైనులో ఉంది. రెండూ నిక్షేపంగా ఉండి పోర్టల్ మాత్రమే తెరుచుకోకపోతే అది మీ ఇంటి గొడవ కాదు. అప్పుడు చేయగలిగిందల్లా రిటర్నులు పద్దెనిమిదికే ముగించేలా కొట్లవారి నుంచి బిల్లులు ముందుగా రాబట్టడం. అది వైఫై కన్నా కష్టమైన పని అని నాకు తెలుసు.

ఒక సంగతి చెవులతో కూడా గమనించండి. నెట్ తెగినప్పుడు కంప్యూటర్ పెన్‌డ్రైవ్ పీకినప్పటిలాంటి చప్పుడు చేస్తోందా? చేస్తే అడాప్టరు కంప్యూటర్ నుంచే ఊడిపోతోందన్నమాట. కారణం రేడియో రొద కాదు, కరెంటు. డిస్కు, అడాప్టరు రెండూ అదే యూఎస్‌బీ నుంచి కరెంటు తాగుతాయి. పాత యంత్రాల్లో అది చాలకపోవచ్చు, సందు వదులైనా అలాగే జరుగుతుంది. విండోస్ కరెంటు పొదుపు కోసం అడాప్టరును నిద్రపుచ్చడం కూడా ఉంది. స్టార్ట్ బటన్ కుడి క్లిక్ జాబితాలోనే ఉండే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మీ అడాప్టరు మీద డబుల్ క్లిక్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో పొదుపు కోసం దీన్ని ఆపవచ్చు అన్న అర్థం వచ్చే గడిలో టిక్కు తీసేయండి. ఫార్మాట్ చేసినప్పుడల్లా ఆ టిక్కు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మీ కుర్రవాడు ఫార్మాట్ చేసి సాధించింది అదొక్కటే అయినా నేను ఆశ్చర్యపోను.

ఇక అనుమానం నిజమైతే ఏం చేయవచ్చో చూద్దాం.

అన్నింటికన్నా తేలిక, హార్డ్ డిస్కును నీలం సందులోంచి తీసి నల్ల సందులో గుచ్చడం. అప్పుడది పాత యూఎస్‌బీ 2.0 పద్ధతిలో నడుస్తుంది, ఆ రొద పుట్టదు. కాపీ వేగం బాగా పడిపోతుంది. సినిమాలు ఎక్కించుకునేవారికి అది విసుగే గానీ, కొట్ల లెక్కల ఫైళ్లకు అది మీరు కనిపెట్టలేనంత తేడా. ముందు ఇదే చేయండి. చాలామందికి ఇంతటితో సరిపోతుంది.

దాంతో పాటు ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ కొని అడాప్టరును బల్ల మీదికి తెచ్చుకోండి. కొన్ని వందలకు మించదు. ఇందులో రెండు లాభాలు. రొదకు దూరమవుతుంది, కంప్యూటర్ ఇనుప పెట్టె చాటు నుంచి బయటపడుతుంది. వెనక గుచ్చిన అడాప్టరుకు ముందు వైపు నుంచి వచ్చే సిగ్నలును ఆ పెట్టే అడ్డుకుంటుంది. అడాప్టరును నల్ల సందులోనే పెట్టినా మీరు నష్టపోయేదేమీ లేదు, ఆ చిన్న అడాప్టర్లు మామూలుగా యూఎస్‌బీ 2.0 రకమే. ఉన్న చిక్కల్లా మీ పిల్లవాడు. తీగ వేలాడుతుంటే లాగకుండా ఉండడు. బల్ల వెనుక అంచుకు టేపుతో అతికించండి.

2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటి మీదా పనిచేసే రెండు బ్యాండ్ల అడాప్టరు కొని 5 గిగాహెర్ట్జ్‌కు మారడం ఇంకో దారి. అక్కడ ఈ రొద బెడద దాదాపు ఉండదు. అయితే గోడలు, స్లాబులు 5 గిగాహెర్ట్జ్‌ను ఎక్కువగా మింగేస్తాయి. కొనే ముందు మీ బల్ల దగ్గర ఫోనులో వైఫై వివరాలు తెరిచి చూడండి. అక్కడ 5 గిగాహెర్ట్జ్ అని ఉండి గీతలు నిండుగా ఉంటే ధైర్యంగా కొనవచ్చు. రౌటరుకు ఆ బ్యాండే లేకపోతే డబ్బు దండగ. ఇలాంటి అడాప్టర్లతో డ్రైవర్ (అడాప్టరును నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న చిన్న సీడీ ఇస్తుంటారు. సీడీ డ్రైవ్ లేదని కంగారు పడకండి, తయారీదారు వెబ్‌సైటులో అదే డ్రైవర్ దొరుకుతుంది.

సిగ్నలును అందుకుని మళ్లీ ప్రసారం చేసే రిపీటరు కొనమని ఎవరైనా చెబితే ఆగండి. ఒకే బ్యాండు మీద నడిచే చవక రిపీటరు విన్నదాన్నే మళ్లీ చెబుతుంది కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. దాన్నుంచి వచ్చే సిగ్నలు కూడా ఆ రొదలోనే దిగాలి.

నన్ను అడిగితే, మీది సరదా వాడకం కాదు, నలుగురి గడువులు మోస్తున్న పని. దానికి తీగ లాగడమే మేలు. మెట్ల పక్కగా రౌటరు నుంచి కంప్యూటర్ దాకా క్యాట్ 6 రకం నెట్‌వర్క్ తీగ వేయిస్తే అడాప్టరుతోనే పని ఉండదు. వంద మీటర్ల దాకా అది బాగా పనిచేస్తుంది, మీ ఇంట్లో అందులో నాలుగో వంతు కూడా పట్టదు. కంప్యూటర్ ఎంత పాతదైనా తీగ గుచ్చే సందు ఉండే ఉంటుంది. ఇబ్బందల్లా గోడకు ఒక రంధ్రం కొట్టడం, అందుకు ఇంట్లో ఒప్పించడం. కిటికీ మూల నుంచి లాగితే రంధ్రం కూడా తప్పవచ్చు.

దానితో మీ అత్తగారి సంగతి వస్తుంది. తీగ వేస్తే రౌటరును అంగుళం కూడా కదపనక్కరలేదు, ఆ మాట ముందే చెప్పండి. తీగ వద్దనుకుని వైఫైతోనే సర్దుకోవాలనుకుంటే మాత్రం రౌటరు టీవీ వెనుక ఉండడం మంచిది కాదు. టీవీ వెనుక రేకు సిగ్నలును అడ్డుకుంటుంది, ఆవిడ టీవీకీ లాభం లేదు. వేరే గదికి మార్చమని అడగకండి. అదే హాల్లో, అదే ప్లగ్గు నుంచి, టీవీ పైన అలమర మీదికి ఎత్తుగా పెడతామని అడగండి. సీరియల్ లేని వేళ, ఆవిడ ఎదుటే మార్చండి. టీవీలో ఏదో ఒకటి పెట్టి చూపించండి, నచ్చకపోతే పాత చోటికే పెట్టేస్తామని చెప్పండి. పెద్దవాళ్ల అభ్యంతరం చాలాసార్లు రౌటరు గురించి ఉండదు, తమను అడగకుండా ఇల్లు మార్చేస్తున్నారన్న దాని గురించి ఉంటుంది. ఆవిడ అప్పటికీ వద్దంటే వదిలేయండి. పైన చెప్పిన మొదటి రెండు పనులకు ఆవిడ అనుమతి అవసరం లేదు.

మదర్‌బోర్డు మాట పక్కన పెట్టండి. మదర్‌బోర్డు పోయిన కంప్యూటర్ నెలలో పాతిక రోజులు చక్కగా పనిచేయదు. మళ్లీ ఫార్మాట్‌కు మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. ఇంకో మాట, కొట్లవారి డేటా ఆ ఒక్క హార్డ్ డిస్కులోనే ఉందని అర్థమైంది. అది కింద పడితే వైఫై ఉండి ప్రయోజనం లేదు. రెండో కాపీ ఇంకెక్కడైనా ఉంచండి.

ల్యాప్‌టాప్ గురించి మీ మరిది చెప్పినదాంట్లో సగం సరైనదే, కారణం మాత్రం ఆయన చెప్పింది కాదు. కొత్త ల్యాప్‌టాప్‌కు కూడా అదే హార్డ్ డిస్కు పక్కన గుచ్చుకుని 2.4 గిగాహెర్ట్జ్ మీద పని చేస్తే ఇదే తలనొప్పి కొంతైనా వెంట రావచ్చు. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తామన్నారు. పాత యంత్రాలు చాలా వరకు విండోస్ 11కు పనికిరావు, దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కాస్త కొత్త ప్రాసెసర్ కావాలి. పదిమంది వ్యాపారుల లెక్కలు, పాస్‌వర్డులు ఉన్న కంప్యూటర్‌ను అప్‌డేట్లు లేకుండా ఏళ్ల తరబడి నడపడం మంచిది కాదు. కాబట్టి కొత్తది కొనవలసిన రోజు వస్తుంది. డబ్బు పోగుచేసుకుని, నిదానంగా, గడువుల హడావుడి లేని నెలలో కొనండి. ఈ నెల ఇరవయ్యో తేదీకి భయపడి కొనకండి.

ఈలోగా గడువు రోజు నెట్ మొరాయిస్తే హాట్‌స్పాట్ వద్దు. ఆండ్రాయిడ్ ఫోనును చార్జింగు తీగతో కంప్యూటర్‌కు కలిపి, ఫోను సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కండి. తీగ డేటా పంపే రకం అయి ఉండాలి, కొన్ని చవక తీగలు చార్జింగుకు మాత్రమే పనికొస్తాయి. ఫోను ఇంటి వైఫైలో ఉంటే చాలా ఫోన్లు ఆ వైఫైనే తీగ ద్వారా కంప్యూటర్‌కు అందిస్తాయి. అంటే మీ ఫోనే వైఫై అడాప్టరు అవుతుంది, అదీ హార్డ్ డిస్కుకు దూరంగా పెట్టుకోగలిగింది. వైఫై ఆపేసి ఉంటే మొబైల్ డేటా ఖర్చవుతుంది, అది గమనించుకోండి.

మరిదికి ఏం చెప్పాలని అడిగారు. వాదించకండి. హార్డ్ డిస్కు గుచ్చకముందు, గుచ్చిన తర్వాత పింగ్ కిటికీ ఎలా ఉందో రెండు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపండి. సాఫ్ట్‌వేర్ పని చేసే మనిషి, ఆ అంకెలు చూడగానే ఆయనే ఫోను చేస్తాడు. అప్పుడు రెండు బ్యాండ్ల అడాప్టరులో ఏది మంచిదో, ల్యాప్‌టాప్ ఎప్పుడు కొంటే బాగుంటుందో ఆయన్నే అడగండి. అవి ఆయనకు నిజంగా తెలిసిన విషయాలు.